ఏడు నుంచి తొమ్మిది దాకా

సోమవారం

నాన్నగారికి,

మీ చెవులకి ఫోను పనికిరాదని తమ్ముడు తేల్చేశాక మనిద్దరికీ కాగితాలే మిగిలాయి. ఒక రకంగా నాకిదే నయం. ఫోనులో నేను మాట పూర్తి చేసేలోపే మీరు "సరేలే, ఉంటా" అనేవారు. కాగితం మీద మీకా సౌకర్యం లేదు. చివరిదాకా చదవాల్సిందే.

మీ సలహా కావాలి. ఇన్వర్టర్ కొనాలి. మూడు నెలలుగా కొంటూనే ఉన్నాను. ఇక్కడ రోజూ సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా కరెంటు కోత పెడుతున్నారు. అమ్మాయికి ఇంకో రెండు నెలల్లో ప్రవేశ పరీక్ష. అది చదువుకునే వేళలోనే ఈ కోత. ఫోను లైటు పుస్తకం మీద పెట్టుకుని, చెమట తుడుచుకుంటూ కూర్చుంటుంది. నేను పక్కన అట్టముక్కతో విసురుతూ ఉంటే, "అమ్మా, నువ్వు విసురుతుంటే పేజీలు ఎగిరిపోతున్నాయి, వెళ్లి నీ పని చూసుకో" అంటుంది.

బ్యాటరీల షాపుకి నాలుగుసార్లు వెళ్లాను. షాపాయన మంచివాడే గానీ ఓపిక అయిపోయింది. మొన్న నన్ను గుమ్మంలో చూడగానే కుర్రాడితో "మేడమ్ వచ్చారు, టీ చెప్పు, టైం పడుతుంది" అన్నాడు. ఆయన చూపించినవి రెండు. చిన్నది ఎనిమిది వందల యాభై వీఏ, దానికి నూట యాభై ఏహెచ్ బ్యాటరీ. పెద్దది పదకొండు వందలు, దానికి రెండు వందలు. "పెద్దది పట్టుకెళ్లండి మేడమ్, నిశ్చింతగా పడుకోవచ్చు" అంటాడు. మీ అల్లుడేమో "చిన్నది చాలు. లేదా పెద్దది తే. ఏదో ఒకటి తే. నువ్వు తేల్చేలోపు కోతలే ఎత్తేస్తారు" అంటారు. అమ్మాయి ఇంకో అడుగు ముందుకేసి, "నా మొదటి జీతంతో నేనే కొంటాలే అమ్మా, నువ్వు కంగారుపడకు" అంది.

నవ్వకండి. ఇరవై ఏళ్లుగా బడిలో కెమిస్ట్రీ చెబుతున్నాను. సీసానికీ ఆమ్లానికీ మధ్య ఏం జరుగుతుందో బోర్డు నిండా రాయగలను. ఏ బ్యాటరీ కొనాలో మాత్రం చెప్పలేను. చిన్నది తెస్తే సరిగ్గా అమ్మాయి చదువుతున్నప్పుడు ఆగిపోతుందేమో. పెద్దది తెస్తే అనవసరంగా తెచ్చానేమో. సైన్‌వేవ్ అంటాడు, ట్యూబులర్ అంటాడు. అన్నిటికీ తలూపి ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టదు. అందుకని నడవాల్సినవన్నీ ఒక జాబితా రాశాను: మూడు ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ లైట్లు, అమ్మాయి కంప్యూటరు, ఇంటర్నెట్ డబ్బా. మీరు సబ్‌స్టేషన్‌లో ముప్పై ఏళ్లు ఊరికంతటికీ కరెంటు ఇచ్చినవారు. మీ కూతురింటికి ఎంత కావాలో లెక్క కట్టి చెప్పండి.

ఇక్కడితో ముగించి సంతకం పెడదామనుకున్నాను. కలం ఆగడం లేదు.

నాన్నా, మీ దగ్గర ఒక మాట ఇరవై మూడేళ్లుగా దాచాను. నా రీసెర్చి సీటు పరీక్ష వారం మీకు గుర్తుందా? అప్పుడూ మన వీధికి కోత ఏడు నుంచి తొమ్మిది దాకానే. వీధులకి కరెంటు పంపే ఫీడర్ల స్విచ్చులన్నీ మీ చేతికింద. "ఈ ఒక్క వారం మన వీధి తప్పించలేరా నాన్నా?" అని అడిగాను. మీరు చొక్కా గుండీలు పెట్టుకుంటూ, నా వైపు చూడకుండా, "అందరికీ ఒకటే" అని డ్యూటీకి వెళ్లిపోయారు. తర్వాత పరీక్షకి ముందు మూడు రోజులు అసలు కరెంటే లేదు. రెండు మార్కుల్లో సీటు పోయింది. మీతో పాటు పనిచేసేవాళ్లు పెళ్లి ఉందని, చుట్టాలొచ్చారని వాళ్ల వీధులు తప్పించుకోవడం నాకు తెలుసు. మీరు మాత్రం తప్పించలేదు. మీ నిజాయితీ అంటే నాకు గౌరవమే. ఆ గౌరవం కిందే ఈ ముల్లు కూడా ఉంది. ఇప్పుడు నా కూతురు అదే వేళకి చీకట్లో కూర్చుంటే, అది కాదు, నేను కూర్చున్నట్టు ఉంటోంది. ఇన్వర్టర్ కొనడం ఇంత పెద్ద పని ఎందుకయిందో అడిగితే నా దగ్గరున్న జవాబు ఇదే.

రాసేశాను. కొట్టేయాలని ఉంది, కొట్టేయను. లెక్క మాత్రం తప్పకుండా రాయండి.

మీ పెద్దమ్మాయి

---

గురువారం

నాన్నగారికి,

పదిహేను రోజులు దాటింది. మీ జవాబు లేదు. ఉత్తరం అందిందని, మీరు దాన్ని దిండు కింద పెట్టుకున్నారని తమ్ముడు చెప్పాడు. "ఏం రాశావే అక్కా, నాన్న రెండు రోజులు పేపరు కూడా ముట్టుకోలేదు" అన్నాడు. ఇన్వర్టర్ గురించి అని చెప్పాను. "ఇన్వర్టర్‌కి అంత దిగులా?" అన్నాడు. వాడికేం చెప్పను.

ఈ వయసులో మిమ్మల్ని ఆ మాట అడగకుండా ఉండాల్సింది. అడిగినందుకు నాకు బాధగానే ఉంది. అబద్ధం చెప్పను, కొంచెం తేలికగానూ ఉంది. కోపం వస్తే కోపంగానే రాయండి. లెక్క లేకపోయినా పర్వాలేదు.

మీ పెద్దమ్మాయి

---

ఆదివారం

చిరంజీవి పాపాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరాలు రెండూ అందాయి. ఇన్వర్టర్ లెక్కకి పది నిమిషాలు పట్టింది. మిగతా దానికి ఇన్ని రోజులు పట్టింది.

ముందు లెక్క. ఫ్యాను డెబ్బై ఐదు వాట్లు, మూడింటికి రెండు వందల ఇరవై ఐదు. లైట్లు నలభై. కంప్యూటరు అరవై. ఇంటర్నెట్ డబ్బా పదిహేను. మొత్తం మూడు వందల నలభై. షాపాయన చెప్పిన చిన్నది సుమారు ఆరు వందల ఎనభై మోస్తుంది. నీకు కావాల్సిన దానికి రెట్టింపు. ఆ బ్యాటరీ కొత్తలో నాలుగు గంటలు ఇస్తుంది. నీ కోత రెండు గంటలు. బ్యాటరీని సగానికి మించి పిండకపోతే ఎక్కువ కాలం బతుకుతుంది. సైన్‌వేవ్ రకమే తీసుకో, రెండో రకమైతే ఫ్యాన్లు గుర్రుమంటాయి. ట్యూబులర్ బ్యాటరీ తీసుకో, గాలి ఆడేచోట పెట్టు, మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ చూసుకో. ఫ్రిజ్జు, మిక్సీ, ఇస్త్రీపెట్టె ఆ లైనుకి తగిలించవద్దు. చిన్నది చాలు.

ఇక రెండో విషయం. నేను చెప్పేదానికి ఇప్పుడు సాక్షులు ఎవరూ లేరు. నువ్వు నమ్మాలి.

నువ్వు అడిగిన రోజు నేను "అందరికీ ఒకటే" అన్న మాట నిజం. దారిలో సైకిలు తొక్కుతూ ఆలోచించాను. ఆ ఆదివారం ఏడింటికి మన వీధి ఫీడరు ఆపలేదు. లాగ్‌బుక్కులో మాత్రం ఏడింటికి ఆఫ్, తొమ్మిదింటికి ఆన్ అని రాశాను. సోమవారం కూడా అంతే. నా సర్వీసులో నేను రాసిన అబద్ధాలు ఆ రెండే. ఆ రెండు సాయంత్రాలూ ఏడు దాటినా ఇంట్లో లైటు వెలిగింది. అదృష్టం బాగుందని మీ అమ్మ అంది. నేను ఊరుకున్నాను.

చుట్టూ చీకటి, మన వీధి ఒక్కటే వెలుగు. అది నేను ఆలోచించలేదు. సోమవారం సాయంత్రం వెనక వీధి వాళ్లు వెదురు గడలతో మన లైన్లకి కొక్కేలు వేశారు. వాళ్లనీ అనడానికి లేదు, వాళ్లకీ పిల్లలున్నారు. మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ పాతది. అంత లోడు మోయలేక ఎనిమిదింటికి కాలిపోయింది. కొత్తది వచ్చేసరికి నీ పరీక్ష అయిపోయింది. రోజూ రెండు గంటలు పోవాల్సిన కరెంటు మూడు రోజులు పోయింది. నేను ఏమీ చేయకుండా ఉంటే నీకు మిగతా వేళల్లో అయినా వెలుగు ఉండేది. చేసినందువల్లే పోయింది.

మర్నాడు ఇంజనీరు గారి దగ్గరికి వెళ్లి చెప్పాను. "ఎవరూ అడగలేదు కదయ్యా, ఎందుకు చెబుతున్నావు?" అన్నారాయన. అయినా రాసిచ్చాను. ఆ ఏడాది మనం ఇల్లు మారి అంత దూరం వెళ్లింది మామూలు బదిలీ మీద కాదు. మీ అమ్మకి చెప్పలేదు. "దీపం లేక పిల్ల చదువు పోయింది" అని అది అన్నప్పుడల్లా లేచి అవతలికి వెళ్లేవాణ్ణి.

నేను నీకు సాయం చేయలేదని నువ్వు అనుకుంటున్నావు. అలాగే అనుకోనిద్దామనుకున్నాను. చేసి చెడగొట్టానన్నదాని కంటే చేయలేదన్నదే నాకు మర్యాదగా అనిపించింది. ఆ మర్యాద ఇక వద్దు.

లాగ్‌బుక్కులో తప్పు రాస్తే చెరపకూడదు. దాని మీద ఒక గీత కొట్టి, పక్కన సంతకం పెట్టాలి. క్షమించమని రాయడం నాకు చేతకాదు. కింద ఉన్నది ఆ సంతకం అనుకో.

నాన్న

---

మంగళవారం

నాన్నగారికి,

మీ ఉత్తరం శనివారం స్టాఫ్‌రూమ్‌లో విప్పాను. బెల్లు కొట్టారు. మళ్లీ కొట్టారు. పక్క టీచరు వచ్చి, "మీ తొమ్మిదో తరగతి వాళ్లు ల్యాబులో స్వరాజ్యం తెచ్చుకున్నారు, వెళ్లండి" అంది. వెళ్లాను. ఏం చెప్పానో నాకు తెలియదు. పిల్లలు ఆ రోజు చాలా బాగా చెప్పానన్నారు.

మీరు రాసిన ఆ ఆదివారం, సోమవారం నాకు గుర్తే లేవు నాన్నా. ఎంత ప్రయత్నించినా రావడం లేదు. వెలిగిన ఆ లైటు కింద కూర్చునే కదా చదివి ఉంటాను. ఆ వెలుగు ఎక్కడ పోగొట్టుకున్నానో. తర్వాతి మూడు రోజుల చీకటి మాత్రం నిమిషం నిమిషం గుర్తుంది. మీరు నిజం రాశారో లేదో అన్న అనుమానం, అన్నిటినీ అనుమానించే నాకు, ఒక్క క్షణం కూడా రాలేదు.

అందుకే ఇప్పుడు నా సంగతి చెప్పకపోతే నేను మనిషిని కాను.

నా సీటు చీకటివల్ల పోలేదు. ఆ పరీక్షలో ఎనిమిది మార్కుల లెక్క ఒకటి ఉంది. మొత్తం చేశాను. జవాబు మైనస్ వచ్చింది. మైనస్ రావడమేమిటని అనుమానం పట్టుకుంది. మళ్లీ చేశాను, మళ్లీ మైనస్సే. టైము చూసుకున్నాను. ఇంకా పావుగంట ఉంది. ఆ పావుగంటా దాన్నే చూస్తూ కూర్చుని, ఆఖరి బెల్లుకి ఒక నిమిషం ముందు ఆ పేజీ మీద రెండు అడ్డగీతలు గీసేశాను. బయటికి రాగానే నా పక్క బెంచీ అమ్మాయి ఎవరితోనో అంటోంది, "ఆ ఎనిమిది మార్కులదానికి మైనస్ వస్తుందిగా, తెలుసుగా" అని. నాకు రెండు మార్కులు తక్కువయ్యాయి. ఎనిమిది నేనే కొట్టేసుకున్నాను.

ఫలితాలు వచ్చిన రోజు అమ్మే ముందు అంది, దీపం లేక పోయిందని. నేను కాదనలేదు. అంతే నాన్నా, నేను చేసింది అంతే. కాదనలేదు. చుట్టాలు అదే అన్నారు, పెళ్లయ్యాక మీ అల్లుడికి అదే చెప్పాను, అమ్మాయికి అదే చెప్పాను. చెప్పగా చెప్పగా నేనూ నమ్మాను. పోయిన నెల మీకు రాసినప్పుడు కూడా నమ్మే రాశాను. మీ ఉత్తరం చదువుతుంటే ఆ రెండు గీతలు మళ్లీ కళ్లముందుకొచ్చాయి. మీరు తప్పు మీద గీత కొట్టి ఉద్యోగం పణంగా పెట్టారు. నేను ఒప్పు మీద గీత కొట్టి, ఆ తప్పు మీ ఖాతాలో వేశాను. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కాలకపోయినా, మూడు రోజులూ మన ఇంట్లో పట్టపగల్లా వెలిగినా, నేను ఆ గీతలు గీసేదాన్నే. మీవల్ల నా చదువు ఏమీ చెడలేదు. ఇది నేను మీకు ఓదార్పుగా చెబుతున్నది కాదు, జరిగింది చెబుతున్నాను. ఇన్నేళ్లు అమ్మ మాటకి మీరు లేచి వెళ్లిపోతుంటే, విసుగనుకున్నాను.

నిన్న సాయంత్రం కోత వేళ మీ అల్లుడికీ అమ్మాయికీ ఇద్దరికీ చెప్పాను. చీకట్లో చెప్పడం కొంచెం సులువైంది. ఆయన లేచి కాగితాలూ కలమూ తెచ్చి నా ముందు పెట్టారు. తర్వాత, "మామగారికి వెంటనే రాయి, రేపనకు" అన్నారు. అమ్మాయి మాత్రం, "ఆ లెక్క ఏంటమ్మా?" అంది. అంకెలతో సహా గుర్తుంది నాకు, ఒక్కటి కూడా పోలేదు. చెప్పాను. ఫోను లైటు కాగితం మీద పెట్టుకుని నాలుగు వరుసల్లో చేసేసింది. "మైనస్సే కదా, ఇందులో అనుమానం దేనికి?" అంది. "అదే నాకూ తెలియలేదే" అన్నాను. అది కలం మూత పెట్టి, "అయితే నాకు పరీక్ష పోయినా ఇన్వర్టర్‌ని అనకూడదన్నమాట" అంది. మీ మనవరాలు. ఎంత మాటొచ్చినా తడుముకోదు.

ఇవాళ బడి నుంచి తిన్నగా షాపుకి వెళ్లాను. కుర్రాడు టీకి బయల్దేరబోతుంటే ఆపాను. "చిన్నది, సైన్‌వేవ్, ట్యూబులర్" అన్నాను. షాపాయన నన్ను ఎగాదిగా చూసి, "ఒంట్లో బాగానే ఉందా మేడమ్?" అన్నాడు. రేపు ఎలక్ట్రీషియన్ వస్తాడు. మీ జాబితా ప్రకారమే తగిలిస్తాడు.

మిమ్మల్ని క్షమించడానికి నా దగ్గర ఏమీ లేదు. అడగాల్సింది నేను. అడుగుతున్నాను. మీకు చేతకాని మాట నాకూ చేతకాదనుకున్నాను గానీ, రాస్తే వచ్చింది.

పోస్టు డబ్బా ఐదింటికి తీస్తారు. ఇప్పుడు ఐదుకి పది తక్కువ. ఈ ఉత్తరాన్ని రెండోసారి చదవకుండా కవర్లో పెడుతున్నాను. తప్పులుంటే అలాగే చదువుకోండి.

మీ
పాపాయి