ముందు చక్రం

ఫిబ్రవరి 2, ఆదివారం

ఇవాళ చర్చిలో అమ్మ లేచి నిలబడి చెప్పేసింది. మా ఫెబా సినిమాల్లోకి వెళ్తోందండీ, మీ ప్రార్థనల్లో జ్ఞాపకం చేసుకోండి అని. సగంమంది నా కోసం కళ్లు మూసుకున్నారు. మిగతా సగం హీరోతో సెల్ఫీ కావాలన్నారు. నాన్నది ఇంకో గోల. ఎంబీఏ చదివి కొండల మీద సైకిల్ తొక్కడమేంటని రెండేళ్లు సణిగిన మనిషి, ఓహో సన్నబడింది ఇందుకన్నమాట అని తేల్చేశాడు.

ఎన్నిసార్లు చెప్పాను! సినిమాలో ఉండేది నేను కాదు, నా చేతులు. హీరోయిన్ మౌంటెన్ బైక్‌కి టైరు ఎక్కించే సీన్. ఆమె గోళ్లు పాడవకూడదు కాబట్టి క్లోజప్‌లో నా చేతులు. అంతే. అమ్మ వినదు. ఇవాళ చేతులు అడిగినవాళ్లు రేపు ముఖం అడగరా ఏంటి అంటుంది.

నాకు ముఖం అక్కర్లేదు. ఈ పని ఈ పిల్లకి వచ్చు అని బయటివాళ్లు ఒక్కరంటే చాలు. అది వీళ్లకి ఎప్పటికీ ఎక్కదు.

ఫిబ్రవరి 4, మంగళవారం

సిగ్గుతో చచ్చాను.

నా టైర్లు నేనే వేసుకుంటానండీ అని కో-డైరెక్టర్ అరవింద్ గారికి ధీమాగా చెప్పి ఉన్నాను. అబద్ధం కాదు. కానీ నా టైర్లు వాడి వాడి మెత్తబడ్డాయి, మాట వింటాయి. ఇవాళ షూటింగ్‌లో ఇచ్చింది కొత్తది, లోపల ట్యూబ్ ఉండని ట్యూబ్‌లెస్. బాక్స్‌లో మడతపెట్టిన వంకర అలాగే ఉంది. పంపు కొడుతున్నాను, గాలి పక్కనుంచి బయటికి పోతూనే ఉంది. సబ్బునీళ్లు రాశాను. నురగ వచ్చింది. టైరు మాత్రం రిమ్ అంచుల్లోకి ఎక్కదు. కెమెరా రోల్ అవుతోంది. ఫిల్మ్ నగర్‌లో ఉన్న జనమంతా ఆ ఫ్లోర్‌లోకే వచ్చి నా చేతుల్నే చూస్తున్నట్టుంది. హీరోయిన్ ఒక్కతే చాలా మర్యాదగా ఫోన్‌లోకి తల దించుకుంది. అది ఇంకా నరకం.

ఆర్ట్ డిపార్ట్‌మెంట్ జంగయ్య గారు ఊరుకుంటారా. ఏంది బిడ్డా, సైకిల్‌కు గాలి కొట్టనీకి గింత సదువు సదివినవా అన్నారు. లైట్ల దగ్గర ఇంకెవరో, జర నిమ్మకాయ తిప్పుర్రి అన్నా, దిష్టి తగిలింది అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వాను?

చివరికి సెట్‌కి రంగు కొట్టే కంప్రెసర్ తెచ్చి, గొట్టం ఫ్రేమ్‌లో పడకుండా తగిలించారు. ఒక్కసారిగా గాలి దూసుకెళ్లింది. టప్. ఇంకో టప్. టైరు అంచులు రిమ్‌లోకి ఎక్కుతున్న చప్పుడు. ఇంకొకటి రావాలి. రాలేదు. అప్పటికే కట్, సూపర్ అనేశారు అరవింద్ గారు. ఓకేనా ఫెబా అన్నారు.

తలూపాను.

అదే రోజు, సాయంత్రం

టైరు అంచు పైన చుట్టూ సన్నటి గీత ఒకటి ఉంటుంది. టైరు సరిగ్గా కూర్చుంటే ఆ గీత చుట్టూతా ఒకే ఎత్తులో కనబడుతుంది. కెమెరాకి అవతలి వైపు, జానెడు మేర, గీత రిమ్ లోపలికి దిగిపోయి ఉంది.

తలూపే ముందే చూశాను.

ఫిబ్రవరి 5, బుధవారం

జంగయ్య గారు ఎర్రమట్టిలో జిగురు కలిపి టైరు నిండా బురద పూశారు. చాలా అందంగా ఉంది. గీత కప్పబడిపోయింది.

వందనని ఇవాళే చూడటం. రహమత్ నగర్ అమ్మాయి. శుక్రవారం గుట్ట మీంచి సైకిల్ దింపేది హీరోయిన్ కాదు, ఈమె. అక్కా, చేతులు నీయి, కాళ్లు నాయి, మొఖం ఒక్కటే ఆమెది, మనిద్దరం గలిస్తే ఒక హీరోయిన్ అని పగలబడి నవ్వింది. బొటనవేలితో టైరు నొక్కి చూసింది. గట్టిగనే ఉన్నది, నువ్వు వెట్టినవ్ గదా, నాకేం ఫికర్ అంది.

ఈ పని ఈ పిల్లకి వచ్చు అని ఒకరన్నారు. నా కోరిక తీరింది. అన్నం సయించలేదు.

ఫిబ్రవరి 6, గురువారం

ఒకసారి విప్పి మళ్లీ వేస్తానండీ అని అరవింద్ గారిని అడిగాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. షాట్ ఓకే అయిందమ్మా, బురదతో సహా స్టిల్స్ తీసేశాం, ఇప్పుడు ముట్టుకుంటే ముందు షాట్‌తో కలవదు, కంటిన్యుటీ పోతుంది, గాలి నిలిచింది కదా, ఇంకేంటి నీ బాధ అన్నారు.

గాలి నిలిచింది. చదును నేల మీద నిలుస్తుంది. రాళ్ల మీద, మలుపులో, ముందు బ్రేక్ పట్టాక, ఆ జానెడు దగ్గర ఊడి వస్తే? ముందు చక్రం అది.

అసలెందుకు విప్పడం అని ఆయన మళ్లీ అడిగారు. సరిగ్గా కూర్చోలేదండీ, చూసి కూడా తలూపాను అనాలి. జంగయ్య గారు పక్కనే టీ తాగుతున్నారు. ఆయన మళ్లీ ఏమంటారో నాకు ముందే వినబడింది.

ఊరికే అడిగాను సార్ అన్నాను.

ఊరికేనట!

నా తప్పుకి ఇప్పుడు కంటిన్యుటీ అని పేరు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

అదే రోజు, సాయంత్రం

ప్యాకప్ చెప్పాక సైకిల్ దగ్గరికి వెళ్లాను. ఒక్క లీవర్ తిప్పితే ముందు చక్రం చేతిలోకి వస్తుంది. ఎవరూ అడగలేదు. సెట్‌లో ఏదైనా మోస్తూ నడిస్తే ఎవరూ అడగరు. ఆటోలో ఒళ్లో పెట్టుకుని వెంగళరావు నగర్ వచ్చాను. చుడీదార్ నిండా ఎర్రమట్టి.

ఇదేంటే, డబ్బులకి బదులు చక్రం ఇచ్చారా అంది అమ్మ. ముఖం సంగతి ఏమన్నారు అన్నాడు నాన్న.

ఫిబ్రవరి 7, శుక్రవారం, ఉదయం 6

బాత్రూమ్‌లో బ్రష్‌తో రుద్ది కడిగాను. బురద మొత్తం పోయింది. జానెడు మేర గీత ఇంకా రిమ్ లోపలే ఉంది. నా పంపుకి ఇది లొంగదు, మళ్లీ ఆ కంప్రెసరే కావాలి. ఫొటో తీసి వందనకి పంపాను. మంగళవారమే చూశాను, చెప్పలేదు అని కింద రాశాను.

ఫోన్ మోగుతోంది. అరవింద్ గారు. ఎత్తుతాను.

టైరు కూర్చునేదాకా చక్రం ఇవ్వను.