సీపీయూ మీద అవ్వ కప్పిన గుడ్డ

ఆదివారం, మొయినాబాద్

పిల్లల ఆటల కోసం కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయించినప్పటి నుంచి కంప్యూటర్ అరగంటకోసారి హ్యాంగ్ అవుతోంది. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమం గురించి మా బాపు చెప్పగా నేను టైపు చేసిన పేజీలన్నీ అందులోనే ఉన్నాయి. కార్డు వేసిన దావీదన్నను పొద్దున ఫోన్లో నానా మాటలన్నాను. అయినా చర్చి నుంచి నేరుగా మా ఇంటికే వచ్చాడు. సీపీయూ మీద అవ్వ కప్పిన కుట్టుపూల గుడ్డ చూసి నవ్వాడు.

"కొత్త కార్డుకు వేడెక్కువ చెల్లె. దీనికి జర గాలాడాలె."

గుడ్డ తీశాక కంప్యూటర్ ఒక్కసారీ ఆగలేదు.

"మీ బాపు మాటలున్నయని దుమ్ము పడకుండ కప్పిన," అంది అవ్వ చిన్నబోయి.

బాపు మెల్లగా అన్నాడు, "జైల్ల నాకు గూడ గిట్లనే గాలాడకపోతుండె."

దావీదన్న చల్లగుండాలి. ఆయన రాకపోతే, నేను టైపు చేసిన పేజీల్లో ఎక్కడా లేని సంగతి, బాపు జైలుకెళ్లిన సంగతి, నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.