గ్రూపు ఫొటోలో మా ఆయన

మార్చి 1, 1999. ఉదయం 10.15

శ్రీకారం! తమ్ముడు ఆదర్శ్ పెళ్లి గ్రూపు ఫొటోలో మా ఆయన్ని చేర్చి తీరతాను. పెళ్లిలో ఇంటల్లుడి కంటే ముందు వీడియో తీసేవాడికి కాఫీ ఇచ్చారని శ్రీవారు అలిగి ఫొటోకి రాలేదు. నా పక్కన వంటాయన పుల్లయ్య నిలబడ్డాడు, గరిటెతో సహా! నాన్న ఉగాదికి ఆ ఫొటోనే ఫ్రేము కట్టించి హాల్లో పెడతారట. వచ్చిపోయే ప్రతివాళ్లూ "అల్లుడుగారేరీ?" అంటారు. ఇక ఆ అలక జన్మలో తీరదు.

ఆదర్శ్ సైబర్ టవర్స్‌లోని తన ఆఫీసులో ఫొటో స్కాన్ చేసి ఫ్లాపీలో ఇచ్చాడు. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ కూడా మా కంప్యూటర్‌లో ఎక్కించాడు. పాఠాలు: అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్ వాళ్ల వీడియో క్యాసెట్లు, ఆరు. రోజుకొకటి. వారంలో పండితురాలిని!

సాయంత్రం 4.00. సాఫ్ట్‌వేర్ తెరవడం వచ్చింది. మూయడం కూడా!

మార్చి 3

చిక్కు. వీసీఆర్ హాల్లో, కంప్యూటర్ పడగ్గదిలో. మాస్టారు నొక్కమన్నది చూసి పరుగెత్తుకొచ్చేసరికి మరిచిపోతున్నాను. ఉపాయం! పనిచేసే సాయమ్మను టీవీ ముందు కూర్చోబెట్టాను.

"అమ్మా, కుడిదిక్కు నొక్కమంటుండు!"

"నొక్కాను!"

"జర ఆగు. ఇగ లేయర్ అంటుండు. రొట్టె మీద రొట్టె పెట్టినట్టు గావచ్చు."

రెండు గంటలుగా నా బుర్రకెక్కనిది ఆమెకి ఇట్టే ఎక్కింది. కాస్త మండింది.

మార్చి 5

ఫొటోలో అతికించడానికి ఆయన్ని పట్టుపంచెతో గోడ ముందు నిలబెట్టి ఆరు ఫొటోలు తీశాను. ఆరింటిలోనూ మూతి ముడుపే.

"నవ్వండి."

"నవ్వెందుకోయ్? నేనసలు అక్కడ లేనుగా!"

పట్టుపంచె మాత్రం అడగ్గానే కట్టారు. గమనించాను.

మార్చి 9

కరెంటు పోయింది. నిన్న వడియాలు పెట్టాను. మొన్న ఆదర్శ్ ఆయన ఫొటోలు కూడా స్కాన్ చేసిచ్చి, హనీమూన్‌కి ఊటీ వెళ్లాడు. రెండో క్యాసెట్‌ని వీసీఆర్ నమిలేసింది. ఐదోదాని మీద పొరపాటున సీరియల్ రికార్డు చేశాను. సీరియల్ బాగుంది.

సాయంత్రం కాఫీ తాగుతూ ఆయన, "నాకేం పట్టింపు లేదనుకో. అయినా... నేను ఎంతవరకు వచ్చాను?"

"పంచె వరకు."

మార్చి 13. మధ్యాహ్నం 3.00

సాయమ్మ రాలేదు. అయితేనేం! పక్కనున్న గోడను తీసి మనిషి మీద పూసేసే బ్రష్ ఒకటి ఉంది. గరిటె మాయం! పుల్లయ్య సగం మాయం!

3.40. ఎవరో తలుపు కొడితే వెళ్లొచ్చి, అదే ఊపులో పూసేసి, సేవ్ చేశాను. చూస్తే సగం పుల్లయ్య ఉన్నాడు. నేను లేను!! గాజుల చెయ్యి ఒక్కటి మిగిలింది. ఫ్లాపీలోనూ ఇదే. మళ్లీ స్కాన్ చేయిద్దామంటే ఆదర్శ్ ఉగాదికి గానీ ఊటీ నుంచి రాడు.

6.00. ఆయన తెర మీదకి వంగి చూశారు. "నువ్వు కూడా వెళ్లిపోయావే?"

"మీరు లేని చోట నాకేం పని?" అని ఏడ్చేశాను. ఏడుపు నిజమే. పొరపాటున చెరిగిపోయానని మాత్రం చెప్పలేదు.

ఆయన వెంటనే నాన్నకి ఫోన్ చేశారు. "మామయ్యగారూ, ఉగాదికి అందరం మళ్లీ ఫొటో దిగుదామండి."

మార్చి 18. ఉగాది

నాన్నగారింట్లో ఆయన నా త్యాగాన్ని అందరికీ వర్ణించారు. ఆదర్శ్ ఒక్క ముక్కలో తేల్చేశాడు: "అక్కా, పొరపాటున చెరిపేశావు కదూ?" ఇల్లంతా ఒకటే నవ్వు. అందరికంటే గట్టిగా ఆయనే!

వెళ్లి వంటింట్లో కూర్చున్నాను. ఎవరైనా వచ్చి ఒక్కసారి బతిమాలతారని చెవులు అటే వేశాను. క్లిక్‌మని వినిపించింది. పెళ్లినాడు ఆయనా ఇలాగే కూర్చుని ఉంటారు, పాపం. ఇన్నాళ్లూ నాకు తట్టనే లేదు.

మార్చి 22

ఫొటో వచ్చింది. మధ్యలో ఆయన, ముప్ఫై రెండు పళ్లతో. పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీ! ఎవర్నీ నిలబడనివ్వలేదట.

"నీకు వచ్చుగా ఆ విద్య. పెట్టుకో," అన్నారు ఎటో చూస్తూ.

ఉదయం 11.00. పట్టుచీర కట్టుకున్నాను. సాయమ్మను టీవీ ముందు కూర్చోబెట్టాను.

"మల్లా మొదటి కెల్లి పెట్టాల్నా అమ్మా?"

"మొదటి నుంచే. రోజుకో క్యాసెట్. శ్రీకారం!"