యాంటీబాడీల ఫాయిల్ విప్పి పూతరేకులకు చుట్టిన వైనం

పరిపాలనాధికారి గారికి,
నందివర్ధనం ఆసుపత్రి, రాజమహేంద్రవరం.

అయ్యా,

విషయం: నాకిచ్చిన మెమోను రద్దు చేసి, దాని అసలు హక్కుదారునికి అందజేయుట గురించి.

ఇంత చిన్నవాడు తమకు అర్జీ పెట్టడమే అపచారం. అదీ పైవారి మీద పెట్టడం మహాపచారం. రెండింటికీ సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటూ, ఏమాత్రం తగ్గకుండా మనవి చేసుకుంటున్నాను.

1. నేను తమ ల్యాబులో ఫ్లో సైటోమీటర్ నడిపే టెక్నీషియన్‌ను. రక్తంలో ఏది ఏ రోగనిరోధక కణమో ఆ యంత్రానికి ఊరికే తెలియదు. ఒక్కో రకం కణానికి ఒక్కో యాంటీబాడీ అతుక్కుంటుంది. దానికి మెరిసే రంగు తగిలించి ఉంటుంది. లేజర్ పడగానే రంగు వెలుగుతుంది, యంత్రం లెక్కపెడుతుంది. ఆ రంగుకు వెలుతురు గిట్టదు, ఎక్కువసేపు తగిలితే వెలిసిపోతుంది. అందుకే యాంటీబాడీలు కలిపిన ట్యూబుకు ఫాయిల్ చుట్టి ఫ్రిజ్‌లో పెడతాం.

2. గత మంగళవారం మా ఇన్‌ఛార్జి దక్షిణామూర్తి గారు ఆత్రేయపురం పూతరేకుల పెట్టె తెచ్చారు. ఫ్రిజ్‌లో తినేవి పెట్టరాదన్న నోటీసు వారి సంతకంతోనే తలుపుకు ఉంది. ఆ తలుపే తీసి పెట్టారు. చెమ్మ తగలకుండా పెట్టెకు చుట్టడానికి నా ట్యూబు ఫాయిల్ ఊడదీసి, ట్యూబును కిటికీలో ఎండకు వదిలేశారు. అడిగితే, "ఇప్పుడే తీశానయ్యా. వెలుతురు తగిలితే కందిపోడానికి అదేమన్నా పసిపిల్లా? కానియ్" అన్నారు. పొద్దుట్నించీ అది అక్కడే ఉందని అటెండరు గంగయ్య తర్వాత చెప్పాడు.

3. కడియం నర్సరీలో వేళ్లకు మట్టి పొదిగి మొక్కలు కట్టే పాపాయమ్మ గారి రక్తం ఆ ట్యూబుతోనే చూశాం. రంగు వెలిసిపోవడంతో ఆమె కణాలు యంత్రానికి కనబడలేదు. మళ్లీ చేద్దామని నేను అంటుండగానే సారు సంతకం పెట్టి రిపోర్టు పంపేశారు. ఆమె ఆ కాగితం పట్టుకొచ్చి నన్నడిగింది: "నా ఒంట్లో కాపలా కణాలే లేవంటున్నారండి. మరి నన్నిన్నాళ్లూ ఎవరు కాశారండి బాబూ?"

మరోసారి రక్తం ఇచ్చి చూడమన్నాను.

ఈలోగా ఆ రిపోర్టు చూసి, క్రిములు సోకుతాయి, మట్టి ముట్టొద్దని డాక్టరు గారు చెప్పారు. ఆమె పనే మట్టి. నర్సరీ మేస్త్రీ ఆమె స్థానంలో వేరొకరిని పెట్టుకున్నాడు. శుక్రవారం మళ్లీ రక్తం తీసి, కొత్త యాంటీబాడీలతో చూస్తే కణాలన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ఆ సాయంత్రమే, నిర్లక్ష్యం చేశానంటూ నాకు మెమో వచ్చింది.

4. కావున మెమోలో నా పేరు కొట్టి వారి పేరు రాయవలెను. వారు సరైన రిపోర్టు తీసుకుని స్వయంగా కడియం వెళ్లి, నా ట్యూబు నిలబడినంతసేపు ఎండలో నిలబడి, కూలీలందరి ముందూ తప్పు తమదేనని చెప్పి, ఆమె పని ఆమెకు ఇప్పించవలెను. ఫాయిల్ చుట్టుకొనుటకు వారికి అనుమతి ఇవ్వరాదు.

చిత్తగించి కనికరించవలెను. కనికరం పాపాయమ్మ గారికి మాత్రమే.

తమ విధేయుడు,
ఐజాక్

తా.క.: శుక్రవారం తమ ఇంటికి చేరిన ఆ పూతరేకులు ముద్దగా ఉన్నాయనీ, ఆత్రేయపురంలో వాటిని చేసిన జ్ఞానమ్మ గారి చేతిలో పనితనం పోయిందనీ దక్షిణామూర్తి గారు తమతో అన్నారట. ఆమె పనికి వంక లేదండి. పెట్టె ఫాయిల్ విప్పి, మూత తీసి, ఐసు ప్యాకుల మధ్య పెట్టింది నేనే. ఆ ఫాయిల్ కొత్త ట్యూబుకు చుట్టాను. పాపాయమ్మ గారి సరైన రిపోర్టు అందులోంచే వచ్చింది.