మా గోడ పక్క మనిషి

జైలు సూపరింటెండెంటు బాబుగారికి,

కడియం నుంచి ఒక ముసలిదాన్ని, దండం పెట్టి రాసుకుంటున్నానండి. మీ దగ్గరున్న నూకరాజు వచ్చే నెల విడుదలవుతాడట కదండీ. ఆరేళ్ళ కిందట మొక్కలకి నీళ్ళు పెట్టే వంతు దగ్గర గొడవై, మా అశోక్‌ని పారతో కొట్టి చంపింది అతనే. అతని ఇంటికీ మా ఇంటికీ ఒకటే గోడ.

అశోక్ కూతురు అలేఖ్య ఫోనులో చూపించింది. ఒక దేశంలో ఖైదీ గది తాళంచెవి ఖైదీ చేతికే ఇస్తారట. అది చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకో దేశంలో కిటికీ లేని గదిలో ఏళ్ళ తరబడి ఒంటరిగా పెడతారట. అలాంటి చోటు నుంచి వచ్చినవాడు మా గోడ పక్కన ఎలా ఉంటాడోనని భయమేసింది. మీ దగ్గర ఎలాగండీ? అన్నం సరిగా తింటున్నాడా? ఎవరితోనైనా మాట్లాడతాడా?

మొక్కల పని అతనికి వచ్చు, అది నేర్పక్కర్లేదు. కోపం వచ్చినప్పుడు పార కింద పెట్టడం నేర్పి పంపండి. నెల రోజుల్లో అవుతుందంటారా?

కవరు మీద “శిక్షణ పడిన నూకరాజు గురించి” అని రాశాను. “శిక్ష అనాలి మామ్మా, శిక్షణంటే నేర్పడం” అని అలేఖ్య దిద్దబోయింది. వద్దని అలాగే ఉంచేశానండి.

ఇట్లు,
అశోక్ తల్లి