మంగ్లు పెళ్ళాం

నవంబరు 9, ఆదివారం

ఈరోజు క్యాంపుకి వెళ్ళాం. మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ తోటలు దాటాక, వాగు పక్కన ఒక ఊరు కట్టారు. నిజం ఊరు కాదు. రేకులూ, వెదురు తడికెలూ. ఇళ్ళున్నాయి, పొయ్యిలు లేవు. బావి ఉంది, లోపల నీళ్ళు లేవు. కోళ్ళు మాత్రం సంతలో కొన్న నిజం కోళ్ళు. సైనికులు అడవి యుద్ధం నేర్చుకోవడానికి ఈ ఊరట. మన సైన్యంతో పాటు, మనతో స్నేహంగా ఉన్న వేరే దేశాల వాళ్ళు కూడా వచ్చి నేర్చుకుంటారట. ఊరన్నాక మనుషులుండాలి కదా, అందుకు మమ్మల్ని తీసుకున్నారు.

మనుషుల్ని కుదిర్చేది సన్యాసిరావు గారు. కొండ కింద ఊళ్ళ మనిషి. నేను అందరి వెనకా నిలబడ్డాను. అయినా నన్నే ముందుకి పిలిచారు. ఈ అమ్మాయి మొహం కరెక్టుగా సరిపోతుంది, ఎప్పుడూ ఏడవబోతున్నట్టే ఉంది అన్నారు. నాతో వచ్చిన పక్కింటి బేబి వదిన ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉంది.

చేతికి పసుపు రిబ్బన్ కట్టారు. రిబ్బన్ ఉంటే ఆటలో ఉన్నట్టు. అప్పుడు నవ్వినా ఏడ్చినా ఆటే. రిబ్బన్ లేకపోతే గేటు లోపలికి రానివ్వరు. మా ఆయనకి ఎర్ర రిబ్బన్. అంటే శత్రువు.

నవంబరు 11

నా పాత్రకి పేరు పెట్టలేదు. మంగ్లు పెళ్ళాం అంటారు. మంగ్లు అడవిలోకి పోయి తుపాకీ పట్టినవాళ్ళతో కలిసిపోయినవాడు. సైనికులొచ్చి నీ మొగుడెక్కడ అని అడుగుతారు. నేను తెలీదు అనాలి. అంతకు మించి చెప్పక్కర్లేదు. నాలాంటిదానికి సరిపోయే పని.

మంగ్లుగా చేసేది మా ఆయనే. మంగ్లు అని ఎన్నిసార్లయినా అనగలను. ఆయన అసలు పేరు మాత్రం నోటితో అనను. మా ఊళ్ళో ఏ ఆడదీ మొగుడి పేరు అనదు. అంటే ఆయుష్షు తరుగుతుందని అత్త చెప్పింది. ఇక్కడ కూడా రాయను.

నవంబరు 14

ఫారిన్ వాళ్ళు దిగారు. జెండాలన్నీ వరసగా కట్టారు. పెద్ద ఆఫీసరు మైకులో మాట్లాడితే, వైజాగ్ నుంచి వచ్చిన దేవీప్రసాద్ అనే అబ్బాయి మాకు తెలుగులో చెప్పాడు. ఇకమీదట యుద్ధాలు బోర్డర్లో జరగవట. ఊళ్ళల్లో, అడవుల్లో, యూనిఫాం లేనివాళ్ళతో జరుగుతాయట. ఒక దేశం ఇసక నేలల్లో నేర్చుకుంది, ఒక దేశం దీవుల్లో నేర్చుకుంది, మన దేశం కొండల్లో నేర్చుకుంది. ఎవరికి తెలిసింది వాళ్ళు మిగతావాళ్ళకి చెప్పాలట. అప్పుడు స్నేహం గట్టిపడుతుందట.

కొండల్లో ఎవరి మీద నేర్చుకున్నారో అది చెప్పలేదేమని బేబి వదిన నా చెవిలో అడిగింది.

నవంబరు 20

ఈరోజూ నా రేకుల ఇల్లు సోదా చేశారు. బియ్యం బస్తాలో తుపాకీ పెట్టింది వాళ్ళే. దొరికిందని సంతోషపడిందీ వాళ్ళే.

నవంబరు 23, ఆదివారం

సెలవు. కాఫీ పళ్ళు కోశాను. చాలా పళ్ళు ఎర్రబడి, నల్లబడి, కింద రాలిపోయాయి. అత్త పొద్దున్నించీ సాధిస్తూనే ఉంది. "ఏటి సేత్తన్నావే గుంటా అక్కడ? ఉత్తుత్తి ఊళ్ళో కాపరానికి పోతే ఉన్న ఊళ్ళో పళ్ళెవులు కోత్తారు?" అంది. ఆమె పేరు సోములమ్మ. ఊళ్ళో అందరూ భయపడతారు, నేను మరీ.

ఆయన మాత్రం నవ్వాడు. ఈ ఏడు పళ్ళు పోతే పోనీ అన్నాడు. ఆకుల మీద చప్పుడు కాకుండా ఎలా నడవాలో, ఏ తీగ కోస్తే నీళ్ళు కారతాయో ఆయన వాళ్ళకి చూపిస్తున్నాడట. వాళ్ళు తాళ్ళతో ముళ్ళు వెయ్యడం నేర్పారట. ఒకతను తన భుజం మీది బ్యాడ్జి పీకి ఆయనకిచ్చాడు. అది గోడకి గుచ్చాడు. క్యాంపు ఇక్కడే ఉండిపోతుందట, ప్రతి ఏడూ దేశాలు వస్తాయట, నేర్పడానికి ఒక లోకల్ మనిషిని పర్మనెంటుగా తీసుకుంటారట. ఆ ఒక్కడు తానే కావాలని ఆయన ఆశ. ఆశపడినప్పుడు ఆయన మొహం చిన్న గుంటడి మొహంలా ఉంటుంది.

నవంబరు 28

ఫారిన్ సైనికుల్లో ఒక ఆడమనిషి ఉంది. ఎండుగడ్డి రంగు జుట్టు. పేరు నోరు తిరగదు, మేము చెల్లి అంటున్నాం. ఆడవాళ్ళతో మాట్లాడి నమ్మకం సంపాదించడం ఆమె డ్యూటీ. అదొక పాఠమట. తెలుగులో ఒక్క మాట నేర్చుకుంది. మేము మీకు సాయం చెయ్యడానికి వచ్చాం. రోజూ నా పక్కన నేల మీద కూర్చుని ఆ మాట అంటుంది. నేను తెలీదు అంటాను. ఆమె పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోతుంది.

ఈరోజు వెళ్తూ చాక్లెట్ ఇచ్చింది. ఆటలో ఇచ్చిందో మామూలుగా ఇచ్చిందో తెలియక తినలేదు.

డిసెంబరు 3

ఆఖరి ఆట ఎల్లుండి. అన్ని దేశాల వాళ్ళూ కలిసి ఒక్క మనిషిని వెతకాలి. ఆ ఒక్క మనిషి మా ఆయన. పొద్దున్న అడవిలోకి పోవాలి, మర్నాడు పొద్దుటిదాకా దొరక్కూడదు. డ్రోన్లుంటాయి, కుక్కలుంటాయి. దొరక్కపోతే పోస్టు నీకే అని సన్యాసిరావు గారు అన్నారట.

ఎక్కడ దాక్కుంటావని అడిగాను. చెప్పలేదు. నిన్నే కదా మొదట అడుగుతారు అన్నాడు. తెలిస్తే నోరు చెప్పకపోయినా నీ మొహం చెప్పేస్తుంది అన్నాడు. నిజమే. నాకేదీ దాచడం రాదు. మళ్ళీ అడగలేదు.

డిసెంబరు 5, పొద్దున్న

వెళ్ళాడు. గుమ్మం ముందు మంచు గోడలా ఉంది. నాలుగడుగులు వేశాక ఆయన కనపడలేదు. దగ్గు వినపడింది. తర్వాత అదీ లేదు.

అదే రోజు, సాయంత్రం

మూడుసార్లు వచ్చి అడిగారు. తెలీదన్నాను. ఇన్నాళ్ళలో మొదటిసారి అబద్ధం ఆడకుండా అన్నాను. చెల్లి నా కళ్ళలోకి చాలాసేపు చూసింది.

డిసెంబరు 6

దొరకలేదు! ఈల వేశారు, ఆట అయిపోయిందని మైకులో చెప్పారు. మంగ్లు గెలిచాడని అందరూ చప్పట్లు కొట్టారు. పెద్ద ఆఫీసర్లు కూడా. నాకు సిగ్గేసి బేబి వదిన వెనక్కి వెళ్ళాను. ఆయన అడ్డదారిన నేరుగా ఇంటికే వచ్చేస్తాడని సన్యాసిరావు గారన్నారు.

అత్త కోడి కోసింది. సాధించకుండా కోసింది.

డిసెంబరు 7

రాలేదు.

డిసెంబరు 8, సోమవారం

అత్త పొద్దున్నే నన్ను లేపి, క్యాంపుకి పోయి అడగమంది. నేనొక్కదాన్నే ఎప్పుడూ ఎక్కడికీ వెళ్ళి ఎవర్నీ ఏదీ అడగలేదు. వెళ్ళాను.

గేటు దగ్గర జవాను రిబ్బన్ లేదని ఆపేశాడు. హిందీలో ఏదో అన్నాడు. కొంగుకి ముడేసుకున్న రిబ్బన్ తీసి కట్టుకున్నాను. వెంటనే వదిలాడు. సన్యాసిరావు గారు లేరు. ఆట అయిపోయినా సైనికులకి ఇంకా పరీక్షలేవో జరుగుతున్నాయి. నన్ను చూసి దేవీప్రసాద్, టైముకొచ్చావమ్మా అని నా రేకుల ఇంట్లో కూర్చోబెట్టాడు. చెప్పబోయాను. ఆగమని చెయ్యి చూపించాడు. చెల్లి, ఇంకో ఇద్దరు సైనికులు లోపలికి వచ్చారు. గుమ్మం దగ్గర ఆఫీసర్లు అట్టలు పట్టుకుని నిలబడ్డారు.

నీ మొగుడెక్కడ అని అడిగారు.

తెలీదు అన్నాను. అది రోజూ అనేదే కదా అనిపించింది. ఇంకా చెప్పాలి. చెల్లి చెయ్యి పట్టుకున్నాను. మా ఆయన శుక్రవారం పోయాడు, మళ్ళీ రాలేదు, మీరే పంపారు, మీరే వెతకాలి అన్నాను. లోయలో మంచుందని, వాగు ఒడ్డున బండలు జారుతాయని, ఆయనకి దగ్గు ఉందని చెప్పాను. ఎప్పుడూ అన్ని మాటలు మాట్లాడలేదు. దేవీప్రసాద్ వాళ్ళ భాషలో గబగబా చెబుతున్నాడు. చెల్లి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమెకి అర్థమైందనుకున్నాను.

మంగ్లుని మేము కాపాడతాం అన్నారు.

మంగ్లు కాదు అన్నాను. ఇంక వేరే దారి తోచలేదు.

"ఆయన పేరు ఫల్గుణ. ఇది ఆట కాదు బాబూ. మా ఆయన ఫల్గుణ."

దేవీప్రసాద్ ఆగిపోయాడు. ఆ ముక్క వాళ్ళ భాషలో చెప్పలేదు. నా వైపు వంగి మెల్లిగా, "మంగ్లు అనాలమ్మా. పేరు మారిస్తే వీళ్ళు కంగారు పడతారు," అన్నాడు.

చెల్లి నా రెండు చేతులూ పట్టుకుంది. మేము మీకు సాయం చెయ్యడానికి వచ్చాం అంది. గుమ్మం దగ్గర ఆఫీసర్లు అట్టల మీద రాసుకున్నారు. తర్వాత అందరూ చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్ళూ నోరు విప్పని ఆడదాన్ని మాట్లాడించినందుకు చెల్లికి మంచి మార్కులు వచ్చాయట. బాగా చేశావమ్మా అని నాక్కూడా చెప్పారు.

ఇంటికొచ్చాక అత్త అడిగింది. చెప్పాను అన్నాను. ఏమన్నారంది. అప్పుడు చూసుకున్నాను, చేతికి రిబ్బన్ అలాగే ఉంది.

డిసెంబరు 9

ఆయన పేరు అన్నానని అత్తకి చెప్పలేదు. ఆయుష్షు తరుగుతుందంటారు. తరగడానికి ఇంకా మిగిలి ఉంటే బాగుండు.

డిసెంబరు 12

ఊళ్ళో పెద్దాయన సోమన్న నలుగురినీ వెంటేసుకుని వెళ్ళాక గాని క్యాంపువాళ్ళు నమ్మలేదు. నమ్మాక బాగానే వెతికారు. డ్రోన్ ఎగరేశారు. మంచులో దానికేమీ కనపడలేదట. దాక్కోవడం వచ్చినవాడు కనపడడు అని ఒక సారు అన్నాడట, మెచ్చుకుంటున్నట్టే.

ఫారిన్ వాళ్ళు నిన్ననే బస్సులెక్కేశారు. చెల్లి కిటికీలోంచి చెయ్యి ఊపిందని బేబి వదిన చెప్పింది.

మా ఊరివాళ్ళు లోయలోకి దిగారు. వాగు పైన బండ అంచున ఒక ముళ్ళపొదకి ఎర్ర రిబ్బన్ దొరికింది. చిరగలేదు. ముడి విప్పి ఉంది. ఆట అయిపోయిందని విప్పి, ఇంటికి బయల్దేరాడేమో. జారాడేమో. కింద వాగులో ఏమీ దొరకలేదు.

డిసెంబరు 16

పోలీసులు వచ్చారు. నిజం పోలీసులు. గోడ మీది బ్యాడ్జి పీకి జేబులో వేసుకున్నారు. క్యాంపు లోపల అంతా చూసినవాడు, సైన్యాల కిటుకులన్నీ తెలిసినవాడు, రిబ్బన్ తనే విప్పేసి మాయమయ్యాడంటే ఎవరితో కలవడానికి పోయాడని అడిగారు. ఇప్పుడు అడవిలో ఎవరున్నారు కలవడానికి, అని అత్త ఎదురు తిరిగింది. ఆమెని బయటికి పొమ్మన్నారు.

సార్ నా ముందు కుర్చీ వేసుక్కూర్చున్నాడు. నీ మొగుడెక్కడ అన్నాడు. తెలీదు అన్నాను.



"ఎవరో బాగా నేర్పించినట్టు చెబుతున్నావే," అన్నాడు.

నిజమే. అదే గొంతు వచ్చింది. నెల్లాళ్ళు అదే గొంతుతో అన్నాను. ఇంకో గొంతు నాకిప్పుడు రావడం లేదు.

డిసెంబరు 24

కాఫీ పళ్ళు చెట్ల మీదే ఎండిపోయాయి. అత్త వాటి వంక కూడా చూడదు. అన్నం వండాక ఆయన వాటా తీసి మూతపెడుతుంది. పొద్దున్న కోళ్ళకి వేస్తుంది. ఇద్దరం మాట్లాడుకోం. నన్ను సాధిస్తే బాగుండునని ఉంటుంది.

జనవరి 11, ఆదివారం

ఊళ్ళో ఆయన మాట ఎవరూ ఎత్తడం లేదు. నన్ను చూస్తే దారి తప్పుకుంటున్నారు. పోలీసులు వచ్చిన ఇల్లు కదా. బేబి వదిన కూడా నీళ్ళ దగ్గరికి వేరే వేళకి వెళ్తోంది. పోస్టుకి టైడా వైపు నుంచి ఎవర్నో తీసుకున్నారట.

జనవరి 18

సన్యాసిరావు గారు జీపులో వచ్చారు. ఇంకో బ్యాచ్ దిగుతోందట, వేరే దేశాలట. మంగ్లు పెళ్ళాం వేషానికి నన్నే పంపమని క్యాంపువాళ్ళు అడిగారట, పోయినసారి తీసిన వీడియోలో నా మొహం చూసి. మంగ్లుగా ఇంకొకడు చేస్తాడట. అత్త సన్యాసిరావు గారి మీదికి కత్తిపీట ఎత్తింది. నేను వస్తానన్నాను. అత్త కత్తిపీట దించి నా వైపు చూసింది. ఏటే అని కూడా అనలేదు.

ఆమెకి ఎలా చెప్పను. ఈ కొండల్లో ఇంకా ఆయన గురించి అడిగేవాళ్ళు వాళ్ళొక్కళ్ళే.

జనవరి 20

ఈరోజు నాలుగుసార్లు అడిగారు, నీ మొగుడెక్కడ అని. తెలీదన్నాను. చాలా బాగా చెబుతున్నానట.