రింగుని ముట్టుకున్నవాడు

మలిపాయోన్,
కోర్టుకి పడమటి వైపు ఇల్లు,
ఆగస్టు 5, 1996.

మలిపాయోన్ ఊరి పెద్ద, కపితాన్ శ్రీ వెన్సెస్లావ్ పదెర్నాల్ గారి సముఖానికి, వారి భార్యని కన్న తండ్రి మకారియో పనగితోన్ రాయునది.

నిన్న ఊరి సభలో తమరు మైకు పట్టుకుని సెలవిచ్చిన మాటలు విన్నాక తమరితో నోటిమాట మానేశాను. మన ఇళ్ల మధ్య బాస్కెట్‌బాల్ కోర్టు తప్ప మరేమీ లేదనీ, కేకేస్తే వినపడుతుందనీ నాకూ తెలుసు. అయినా కేకెయ్యను. ఇకమీదట ఏదున్నా కాగితం మీదే.

తమరేమన్నారు? "మా మామగారి కాలంలో రింగుని వేలితో ముట్టుకుంటే చాలు, వాడే వీరుడు. ఇవాళ మన రోమెల్ రబ్బరు చెప్పులేసుకుని ఎగిరి, బంతిని రింగులో దిగ్గొట్టి, పైగా దాన్ని పట్టుకుని ఊగుతున్నాడు. మలిపాయోన్‌లో ఇంతటి ఆటగాడు పుట్టలేదు. ఈసారి శాన్ రోకె పండగ పోటీల్లో మొదటి బంతి అతనే ఎగరేస్తాడు" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చుని నా సిగరెట్టు కాలుస్తున్నవాడు కూడా కొట్టాడు.

అయ్యా కపితాన్ గారూ, ఆట మానేసిన నాటి నుంచీ ఆ మొదటి బంతి నాది. ఎందుకు నాది? 1956లో, ఇదే కోర్టులో, ఇదే మొలావె కొయ్య స్తంభానికున్న ఇదే రింగుని నేను ముట్టుకున్నాను. ఈ రెండు వేళ్లతో. అంతకు ముందు ముట్టుకున్నవాడు లేడు, ఆ తర్వాత పాతికేళ్లు ఇంకొకడు లేడు. తమరు కూడా చూశారు, ముక్కు కారుతూ గట్టు మీద నిలబడి.

అప్పుడు మా జట్టు ముందు భుజాన పట్టీ వేసుకుని నడిచే అందాల రాణి ఎవరు? సలూద్. "ఆ రింగుని ముట్టుకున్నవాడే మా నాన్నతో మాట్లాడటానికి రావాలి" అని అందరి ముందూ అన్నదెవరు? సలూదే. నా వేళ్లు ఆ రోజు రింగుకి తగలకపోతే సలూద్ నాకు పెళ్లాం కాదు, మీ పురీతా పుట్టదు, ఇవాళ తమరికి అన్నం వడ్డించే దిక్కు ఉండదు. ఈ సంగతి మైకులో చెప్పడం తమరు మర్చిపోయారు.

మొదటి బంతి నాకు తిరిగి వచ్చేదాకా,
తమరితో మాట్లాడని,
మకారియో పనగితోన్.

తా.క. కోర్టు పక్కనున్న మా పాత బెంచీ కుంగిపోతోంది. కూర్చుంటే లేవడం కష్టంగా ఉంది. వాన కురిస్తే కోర్టులోని నీళ్లు మా వంటింట్లోకి వస్తున్నాయి. ఇవి కపితాన్‌గా తమరు చూడవలసిన పనులు. కోపానికీ వీటికీ సంబంధం లేదు.

మరో తా.క. (మోసుకొచ్చిన మనిషి రాస్తోంది) మొత్తం చదివాను. నాన్న రెండు పూటలుగా అన్నం సరిగ్గా తినలేదని అమ్మ చెప్పింది. అంత మైకు నీకెందుకయ్యా? చేప పులుసు పొయ్యి మీద ఉంది. — పురీతా


కోర్టుకి తూర్పు వైపు ఇల్లు,
ఆగస్టు 6.

దీవెన కోసం మామగారి చెయ్యి నా నుదుటికి ఆనించుకుని (మీరు ఇవ్వడం లేదు కాబట్టి మనసులోనే) అల్లుడు వెన్సెస్లావ్ రాయునది.

మీ ఉత్తరం అందింది. పురీతా దాన్ని ఇవ్వకముందే చదివి వినిపించింది, మీ గొంతు అనుకరిస్తూ.

మామగారూ, మీ గొప్పతనాన్ని నేను కాదన్నానా? ఆ కాలానికి మీరే గొప్ప. కానీ కాలాలు వేరు. మీరు ఎండు చేపలూ చిలకడ దుంపలూ తిని ఆడారు. ఇప్పటి పిల్లలు నేను ప్రతి బుధవారం అల్లం, కోడి ముక్కలు వేసి కాయించే గంజి తాగి ఆడుతున్నారు. ఆ గంజి మొదలుపెట్టాక చూడండి: మొదటి ఎన్నికల తర్వాత ఇద్దరు ముగ్గురికి రింగు అందింది. రెండో ఎన్నికల తర్వాత జట్టు జట్టంతా ముట్టుకుంది. మూడో ఎన్నికలయ్యాక రోమెల్ బంతినే దిగ్గొట్టాడు. ఇది నా గొప్ప అని నేను అనడం లేదు. పట్నం నుంచి వచ్చిన ఆరోగ్య శాఖ ఆవిడ అంది.

గంజి ఒక్కటేనా? ప్రతి ఎన్నికలకీ మాట ఇచ్చాను, మాట ప్రకారం కోర్టుకి కొత్త సిమెంటు పోయించాను. మీరు మట్టిలో కాళ్లు జారుతూ ఆడారు. వీళ్లు అద్దంలాంటి నేల మీద ఆడుతున్నారు. ఆ నేల మీద నా పేరు కూడా రాయించలేదు. బోర్డు మీద మాత్రమే రాయించాను.

బెంచీ సంగతి. మామగారూ, కోపం తెచ్చుకోకండి. సిమెంటు బెంచీ కుంగదు. అరవై దాటాక మోకాళ్లకి అలా అనిపిస్తుంది. మర్దనా నూనె పంపుతున్నాను. వంటింట్లో నీళ్ల గురించి: ఈ మధ్య వానలు ఎక్కువయ్యాయి. దానికి కపితాన్ ఏం చెయ్యగలడు?

ఎల్లప్పుడూ మీ అల్లుడు,
వెన్సెస్లావ్.

తా.క. మీ గౌరవానికి లోటు రానివ్వను. పండగ రోజుకి మీకోసం ఒకటి చేయిస్తున్నాను. ఏమిటో ఇప్పుడే చెప్పను. చూశాక మీరే సంతోషిస్తారు.

మరో తా.క. నాన్నా, నూనె సీసా సగం ఖాళీగా ఉందేమని అడక్కు. కపితాన్ గారి మోకాళ్లకి పోయింది. — పురీతా


పడమటి వైపు ఇల్లు,
ఆగస్టు 9.

బతికున్నవాడికి కొలతలు తీయించిన కపితాన్ గారికి, ఇంకా బతికే ఉన్న మకారియో పనగితోన్ రాయునది.

తమరు నాకోసం చేయిస్తున్నదేమిటో తెలిసింది.

నిన్న పొద్దున్న వడ్రంగి తియాగో టేపు పట్టుకుని వచ్చాడు. ఈ చుట్టుపక్కల శవపేటికలు చేసేది వాడొక్కడే. "నిటారుగా నిలబడండి" అన్నాడు. నిలబడ్డాను. భుజాల వెడల్పు కొలిచాడు. నడుము నుంచి తల దాకా కొలిచాడు. "ఎందుకురా?" అంటే "కపితాన్ గారు చెప్పొద్దన్నారు, పండగ లోపల అయిపోవాలన్నారు" అన్నాడు. వెళ్తూ వెళ్తూ "లోపల మెత్త ఎర్రది వెయ్యమంటారా, నీలంది వెయ్యమంటారా?" అని అడిగాడు.

మొదటి బంతి లాక్కున్నావు, సరే. మోకాళ్లు పోయాయన్నావు, సరే. పండగ లోపల నన్ను సాగనంపుదామనుకున్నావా?

తియాగో నోరు ఊరుకుంటుందా! మధ్యాహ్నానికి పక్కింటి అనిసేతా కొవ్వొత్తులు పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. తలుపు తీసిన నన్ను చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది. సాయంత్రం పేకాట జట్టు వచ్చింది. శవం పక్కన జాగారం మా ఇంట్లోనా చర్చిలోనా, పేకాట బల్లలు ఎన్ని కావాలి అని నన్నే అడిగారు. వచ్చినవాళ్లని ఉత్త చేతులతో పంపలేక కొబ్బరి కల్లు పోయించాను. పదింటిదాకా ఆడారు. నేనూ రెండు ఆటలు ఆడి ఓడిపోయాను.

వెన్సీ, నిజం చెప్పనా? నాకు చావంటే భయం లేదు. పిల్లలు నన్ను అబద్ధాలకోరు అనుకుంటున్నారు, అదీ నా బాధ. "లోలో తాతా, ముట్టుకోవడానికే అంత కథ చెప్తావేంటి, అక్కడ మా చెల్లి కూడా ముట్టుకుంటుంది" అన్నాడొకడు మొన్న. జీవితంలో నేను చేసిన పెద్ద పని అదొక్కటే. దాన్ని కూడా నీ గంజి తాగేసింది.

నీలం రంగే వెయ్యమను.
మకారియో.

తా.క. రేపు పట్నంలో మన కుర్రాళ్ల ఆటకి నేను వస్తున్నాను. నీ జీపులో కాదు. చేపల బండిలో.

మరో తా.క. వెన్సీ, ఏం చేయిస్తున్నావో ఈ పూటే వెళ్లి చెప్పు. అనిసేతా మన దగ్గర కూడా కొవ్వొత్తులకి చందా అడుగుతోంది. — పురీతా


తూర్పు వైపు ఇల్లు,
ఆగస్టు 11.

మామగారి చెయ్యి నుదుటికి ఆనించుకుని, రెండో చేత్తో లెంపలు వేసుకుంటూ అల్లుడు రాయునది.

కుర్చీ, మామగారూ! కుర్చీ! చేతులున్న కుర్చీ, మెత్త ఉన్న కుర్చీ, వీపు మీద మీ పేరు చెక్కిన కుర్చీ. ఆ బెంచీ మీద కూర్చోలేకపోతున్నానని మీరే రాశారు కదా! పండగ రోజు వేదిక మీద నా పక్కన కూర్చోబెడదామనుకున్నాను. నిన్న మీ గుమ్మం దాకా వచ్చాను. కిటికీ మూసేశారు. తియాగోకి కుర్చీలు చెయ్యడం అలవాటు లేదు, అందుకే కొలతలు అలా తీశాడు.

అది వదిలెయ్యండి. ఇప్పుడు ఊరి పరువు సంగతి.

నిన్న పట్నంలో జరిగింది మీ కళ్లతో చూశారు. రోమెల్ ఒంటరిగా పరిగెత్తాడు, ఎగిరాడు, బంతి రింగు అంచుకి కొట్టుకుని వెనక్కి వచ్చి వాడి మొహానికే తగిలింది. వాడు వెల్లకిలా పడ్డాడు. మూడుసార్లు ప్రయత్నించాడు, మూడుసార్లూ అంతే. పట్నం వాళ్లు "గంజి! గంజి!" అని అరిచారు. ఆ అరుపు నాకు తగిలింది. కుర్రాడు ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఇక బంతి ముట్టనంటున్నాడు.

మామగారూ, అడగడానికి నోరు రావడం లేదు, అందుకే ఉత్తరం మేలు. మీరు ఆట మొత్తం మొదటి వరసలో కూర్చుని రెప్ప వెయ్యకుండా వాణ్నే చూశారు. వాడి తల్లి అంటోంది, మీ చూపు తగిలిందని. ఊళ్లో సగం మంది అదే అంటున్నారు. నేను అనడం లేదు. కానీ మీరు ఒకసారి వెళ్లి, మన ఆచారం ప్రకారం వేలు తడి చేసి వాడి పొట్ట మీద రాసి వస్తే మీ సొమ్మేం పోతుంది? మొదటి బంతి మీరే ఎగరేయండి. పూర్తిగా మీకే. కుర్రాణ్ని లేపండి చాలు.

బుద్ధి వచ్చిన అల్లుడు,
వెన్సెస్లావ్.

తా.క. కుర్చీకి నీలం మెత్తే వేయించాను.

మరో తా.క. నాన్నా, ఆయన నిజంగానే ఏడ్చాడు. కాస్త ఆ పిల్లాడి కోసం, ఎక్కువ ఆ "గంజి" మాట కోసం. — పురీతా


పడమటి వైపు ఇల్లు,
ఆగస్టు 14.

అల్లుడు వెన్సీకి, మామ మకారియో రాయునది.

ఇప్పుడు నీతో మాట్లాడొచ్చు. కానీ ఈ సంగతి గాలికి వినపడకూడదు, అందుకే ఇంకొక్క ఉత్తరం.

రోమెల్ ఇంటికి వెళ్లాను. వేలు తడి చేసి పొట్ట మీద రాశాను. వాడికి చక్కిలిగిలి పుట్టి దుప్పటి తీశాడు. "లోలో, ఆ రింగు మన రింగులా లేదు, ఎత్తుగా ఉంది" అన్నాడు.

"నీ చెయ్యి ఎందాకా వెళ్లింది?"

"రింగుకి తగిలింది, అంతే. ఈ రెండు వేళ్లు" అని చూపించాడు.

ఆ రెండు వేళ్లే, వెన్సీ. నావి కూడా అవే. నేను అక్కడే వాడి మంచం మీద కూర్చుండిపోయాను.

ఆ మధ్యాహ్నం ఊరంతా కునుకు తీస్తుంటే తియాగోని టేపుతో రమ్మన్నాను. వాడు భయపడుతూ వచ్చాడు, మళ్లీ ఎవరికి కొలతలోనని. నేల నుంచి రింగు ఎత్తు కొలిపించాను. పట్నం రింగు రూలు ప్రకారం పదడుగులు, మన రింగు దానికన్నా మూడు బెత్తెలు కిందికి ఉంది. "ఎవరు దించారబ్బా?" అని తియాగో తల గోక్కున్నాడు. ఆలోచిద్దామని బెంచీ మీద కూర్చున్నాను. నా మోకాళ్లు గడ్డానికి తగిలాయి. అప్పుడు వెలిగింది.

బెంచీ కుంగలేదురా. నేల లేచింది.

నువ్వు ఎన్నికల ఎన్నికలకీ ఒక బెత్తెడు సిమెంటు పోయించావు. పాతది తవ్వించావా? లేదు. దాని మీదే పోయించావు. మూడు ఎన్నికలు, మూడు బెత్తెలు. స్తంభం అక్కడే ఉంది, రింగు అక్కడే ఉంది, కుర్రాళ్లని నువ్వు పైకి లేపావు. మా వంటింట్లోకి నీళ్లు కూడా అందుకే వస్తున్నాయి. పిల్లల్ని ఎగిరించింది నీ గంజి కాదు అల్లుడూ, నీ సిమెంటు.

బెదరకు. తియాగో చేత చర్చిలో ఒట్టు వేయించాను. వచ్చే మేలో నీ మీద నిలబడేవాడికి ఈ సంగతి తెలిస్తే నీకు డిపాజిట్ కూడా మిగలదు. నేను చెప్పను. నాకు కావలసింది దొరికింది. సరైన ఎత్తులో రోమెల్ వేళ్లు ఎక్కడ తగిలాయో, నలభై ఏళ్ల కింద నా వేళ్లు కూడా అక్కడే తగిలాయి. వాడు నాకన్నా గొప్ప కాదు, నేను వాడికన్నా గొప్ప కాదు. నా తర్వాత ఇంకొకడు వచ్చాడు, అంతే. వాడొస్తే కుళ్లుకుంటానని అనుకునేవాణ్ని. తీరా వచ్చాక నాకు తోడు దొరికినట్టుంది. చాలా సంతోషంగా ఉంది వెన్సీ.

పండగ రోజు మొదటి బంతి ఇద్దరం కలిసి ఎగరేస్తాం. వాడు ఒప్పుకున్నాడు.

ఇట్లు,
నీ మీద కోపం పోయిన మామ,
మకారియో.

తా.క. నేల తవ్వించకు. పిల్లలు రింగు పట్టుకుని ఊగుతున్నారు, ఊగనీ. పైగా వచ్చే ఎన్నికలకి ఇంకో బెత్తెడు పోయించు. నా ఓటు నీకే. లెక్క వేశాను: నువ్వు ఇంకో ఏడెనిమిదిసార్లు గెలిస్తే నేను ఎగరకుండానే రింగుని మళ్లీ ముట్టుకుంటాను. మనిద్దరం గట్టిగా ఉండాలి. ఆ గంజి నాక్కూడా పంపు.

మరో తా.క. వెన్సీ, ఇది నీ ఒక్కడికే. నాన్న రాసింది చదువుతుంటే అమ్మ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. ఎందుకే అంటే చివరికి చెప్పింది. 1956లో ఆ షరతు పెట్టాక అమ్మకి భయం పట్టుకుందట. నాన్న ఎన్నిసార్లు ఎగిరినా రింగుకి బెత్తెడు తక్కువే. ఈయనకి అందకపోతే తన గతేమిటని ఆటకి ముందు రోజు మా మామయ్య చేత రింగున్న బోర్డు కట్లు విప్పించి బెత్తెడు కిందికి దింపించిందట. ఆట అయిన మర్నాడు మళ్లీ పైకి కట్టించేసింది. అందుకే ఆ తర్వాత ఎవరికీ అందలేదు. "షరతు పెట్టింది నేనే కదా, దించుకునే హక్కు నాకు లేదా?" అంటోంది.

నాన్నకి ఎప్పటికీ తెలియకూడదు. పండగ రోజు బంతి ఇద్దరూ కలిసి ఎగరేస్తుంటే అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టేది అమ్మే. ఈ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టెయ్. ఎలాగూ చేపలు వేయించాలి. — పురీతా